వసూలుకొచ్చిన బావ

నేను ఒకప్పుడు బండి యజమానిని. ఈ మాట ఇప్పుడు చెబితే వినేవాళ్ళు నమ్మరు, చెప్పే నాకు కాస్త సిగ్గేస్తుంది. కానీ నిజం. ఏడాదిన్నర పాటు నా పేరు మీద నాలుగు చక్రాల చిన్న ట్రక్కు ఒకటి రాయపూర్ రోడ్ల మీద తిరిగింది. ఇక్కడ దాన్ని ఛోటా హాథీ అంటారు. మా ఇంట్లో ఇంకా కుదించి ఏనుగు అనేవాళ్ళం.

కొనడానికి కారణం నా ఉద్యోగం. సిల్తారాలో ఒక స్పాంజి ఐరన్ ఫ్యాక్టరీలో డిస్పాచ్ గుమాస్తాని నేను. లారీలు కాంటా ఎక్కుతాయి, నేను బరువు చూసి చీటీ రాసిస్తాను, అవి దిగి వెళ్ళిపోతాయి. పదేళ్ళ పాటు ఇతరుల లారీలు తూచిన మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. డీజిలుకెంత, డ్రైవరుకెంత, ఓనరుకి మిగిలేదెంత అని ప్రతి లారీకీ మనసులో లెక్కలేసుకుంటాడు. ఆ లెక్కల్లో ఓనరు ఎప్పుడూ లాభంలోనే ఉంటాడు. టైరు పగలడం, క్లచ్చు పోవడం కాంటా మీద కనపడవు కదా. పైగా మేం అద్దెకుండేది గుఢియారీలో, హోల్‌సేల్ బజారు పక్క సందులో. పొద్దున తలుపు తీస్తే బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు ఎక్కించుకునే బళ్ళే. ఒక బండి కొని, డ్రైవరుని పెట్టి, సాయంత్రం డబ్బు తీసుకోవడమే. ఇంత తేలికైన పని జనం ఎందుకు చెయ్యట్లేదా అని నాకు జాలేసేది.

"మీకు బండి నడపడమే రాదు కదండీ," అంది మా ఆవిడ. ఆవిడ ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. తక్కువ మాట్లాడుతుంది.

"యజమానికి నడపడం ఎందుకు?" అన్నాను.

ఈ వాక్యాన్ని ఆవిడ తర్వాత రోజుల్లో నాకు చాలాసార్లు ఒప్పజెప్పింది.

లోను ఒక ఫైనాన్సు కంపెనీ ఇచ్చింది. ముందుగా కట్టాల్సిన డబ్బు మాత్రం అమ్మ ఇచ్చింది. నాన్న రైల్వే గార్డు. రిటైరు కాకుండానే పోయాడు. ఆయన తాలూకు వచ్చిన డబ్బులో చెల్లి పెళ్ళికీ వాటికీ పోగా మిగిలిన ముక్క బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్‌గా ఉండేది. అమ్మ దాన్ని డబ్బు అనేది కాదు. "ఆయన బ్యాంకులో ఉన్నారు, నాకేటి భయం," అనేది. మేం ఎంత ఇబ్బందిలో ఉన్నా దాని జోలికి వెళ్ళలేదు. అలాంటిది, నేను రెండు వారాలు చెవిలో జోరీగలా తిరిగేసరికి అమ్మ మెత్తబడి సంతకం పెట్టింది. అంటే మా నాన్నని బ్యాంకులోంచి తీసి బండిలో కూర్చోబెట్టాం. వాయిదాలు సరిగ్గా కడితే నాలుగేళ్ళలో బండి మాది, ఆయన డబ్బు క్షేమం. కట్టకపోతే కంపెనీ వాళ్ళు బండి ఎత్తుకుపోతారు, దాంతోపాటు ఆయన కూడా పోతాడు. సంగతి ఇంతే. ఇది నాకు సంతకం రోజునే తెలుసు, అమ్మకీ తెలుసు.

మొదటి ఎనిమిది నెలలు బాగానే గడిచాయి. నేను ఫ్యాక్టరీలో కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి నిలబడటం మొదలుపెట్టాను. తర్వాత ఉక్కు ధర పడిపోయింది. సిల్తారాలో ఒక్కొక్క చిమ్నీ పొగ మానేసింది. మా ఫ్యాక్టరీ మూతపడలేదు గానీ జీతం మాత్రం నెల దాటి పది రోజులకి, పదిహేను రోజులకి, ఒకసారి నలభై రోజులకి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఏనుగుకి ఇంజను జబ్బు చేసింది. డ్రైవరు మంచివాడే, ఆరు వారాలు ఓపిక పట్టి, తర్వాత వేరే బండి చూసుకున్నాడు. కొత్త డ్రైవరు దొరికేసరికి బజారు వాళ్ళు వేరే బళ్ళకి అలవాటు పడ్డారు.

ప్రతి నెలా అయిదో తారీఖున బ్యాంకు ఖాతాలోంచి వాయిదా దానంతటదే వెళ్ళిపోవాలి. ఖాతాలో లేకపోతే బ్యాంకు ఒక జరిమానా వేస్తుంది, కంపెనీ ఇంకో జరిమానా వేస్తుంది. నా దగ్గర డబ్బు లేదన్నందుకు నన్ను డబ్బు కట్టమనడం ఏ రకం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఒక నెల కట్టి రెండు నెలలు ఎగ్గొట్టి, మళ్ళీ ఒకటి కట్టి, ఎప్పుడూ రెండు మూడు వాయిదాల వెనకనే నడుస్తుండేవాణ్ణి. పాలు లీటరు నుంచి ముప్పావుకి దిగాయి. కేబుల్ తీయించాం. నా మోటార్‌సైకిల్‌ని ఇంట్లో పెట్టి, ఫ్యాక్టరీకి పక్క సెక్షనతని వెనక కూర్చుని వెళ్ళాను, పెట్రోలు సగం నాదని చెప్పి సగం కూడా ఇవ్వకుండా. ఫ్యాక్టరీ స్నేహితుడి దగ్గర తీసుకున్నది బావమరిదికి, బావమరిది దగ్గర తీసుకున్నది కంపెనీకి. ఆ ఏడాది నేను ఏ పుణ్యమూ చెయ్యలేదు గానీ, అందరితో ఎంత వినయంగా మాట్లాడానో చెప్పలేను. అప్పున్నవాడికి ఉన్నంత మర్యాద ఇంకెవరికీ ఉండదు.

తర్వాత ఇంటికి మనుషులు రావడం మొదలైంది.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. అమ్మది శ్రీకాకుళం దగ్గర పొందూరు పక్కన పల్లె. పెళ్ళయి రాయపూర్ రైల్వే క్వార్టర్లకి వచ్చి అప్పటికి నలభై రెండేళ్ళు. హిందీ నీళ్ళలా మాట్లాడుతుంది. కూరల బజారులో ఛత్తీస్‌గఢీలో "బనే బనే దే" అంటూ మంచివన్నీ ఏరించుకుంటుంది, కొలత తగ్గితే అదే భాషలో తిడుతుంది. అలాంటి మనిషి, మొదటి వసూలు మనిషి తలుపు కొట్టిన రోజున గుమ్మంలో నిలబడి, నిన్ననే రైలు దిగినదానిలా కళ్ళు చికిలించి, "ఏటి బాబూ? ఎవులు కావాల? నాకేటీ తెల్దు. మావోడు ఇంట్లో నేడు," అంది.

నేను లోపల మంచం మీద ఉన్నాను.

ఆ మనిషి హిందీలో మూడుసార్లు చెప్పాడు. గట్టిగా చెబితే తెలుగువాళ్ళకి అర్థమవుతుందేమోనని నాలుగోసారి అరిచి చెప్పాడు. అమ్మ అతనికి జాలిగా మంచినీళ్ళిచ్చింది. తాగి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. నేను బయటికొచ్చాక అమ్మ మొహంలో అంత తృప్తి చాలాకాలం తర్వాత చూశాను. మా ఆవిడ మాత్రం, "అత్తయ్యగారూ, ఇది బాగోలేదు," అంది. "బాగోనేదు నిజివే గానీ, ఆయన డబ్బులమ్మా అయ్యి," అంది అమ్మ.

అలా నాలుగు నెలల్లో ముగ్గురు మనుషుల్ని అమ్మ ఒంటిచేత్తో తిప్పికొట్టింది. రెండోవాడు కాగితం మీద అంకె రాసి చూపించాడు. అమ్మ ఆ కాగితం తీసుకుని, కళ్ళకద్దుకుని, దేవుడి గూట్లో పెట్టింది. మూడోవాడు మా పక్కింటాయన్ని దుబాసీగా పిలిచాడు. పక్కింటాయన బిహారీ. పదిహేనేళ్ళుగా అమ్మతో హిందీలోనే కబుర్లు చెప్పే మనిషి. అమ్మ మొహం చూశాడు, సంగతి గ్రహించాడు, "నాకూ ఆవిడ భాష రాదు సాబ్," అని లోపలికెళ్ళిపోయాడు. మా సందులో కట్టని వాయిదా లేని ఇల్లు తక్కువ. అందుకే మాలో మాకు ఐకమత్యం బాగా ఉండేది.

నాలుగోవాణ్ణి ఎలా పంపాలో కంపెనీ వాళ్ళు బాగానే ఆలోచించారు.

అది ఒక గురువారం, నాకు ఫ్యాక్టరీలో వారపు సెలవు. మధ్యాహ్నం పన్నెండున్నరకి తలుపు కొట్టారు. అమ్మ వెళ్ళింది. నేను యథాప్రకారం మంచం మీద ఊపిరి బిగబట్టాను. అమ్మ తన పాఠమంతా చెప్పింది. అవతలి మనిషి మధ్యలో మాట్లాడలేదు, అరవలేదు. అంతా అయ్యాక తీరిగ్గా అన్నాడు, "పెద్దమ్మా, మీది పొందూరు పక్కనా? మాయమ్మ అచ్చం ఇలగే మాట్లాడీది."

నేను దుప్పటి తల మీదికి లాక్కున్నాను.

ఆ క్షణంలో అమ్మ తలుపు వేసేసి ఉంటే ఈ కథ వేరేలా ఉండేది. వేయలేదు. తెలుగువాడని తెలిశాక ఊరు అడక్కుండా ఉండటం అమ్మ వల్ల కాదు. ఏ ఊరు అంది. చెప్పాడు. ఎవరింటి అబ్బాయివి అంది. చెప్పాడు. ఇంటిపేరు అడిగింది, చెప్పగానే "ఓలమ్మా!" అంది. నేను మంచం మీద నుంచి లెక్క పెడుతున్నాను, పది నిమిషాలు కూడా పట్టలేదు. అతని తాతా మా అమ్మ తండ్రీ వరసకి అన్నదమ్ములు. అంటే అతను అమ్మకి మేనల్లుడు. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద కాబట్టి నాకు బావ.

"మరి గుమ్మంలో నిలబడ్డావేటి నాయనా, లోపలికి రా," అంది అమ్మ. తర్వాత వెనక్కి తిరిగి, చక్కగా, స్పష్టంగా, "ఒరే బాబూ, లెగు. మీ బావొచ్చాడు," అని పిలిచింది.

లేచి వెళ్ళాను. ఏం చేస్తాను. నలభై దాటిన మనిషి, కాస్త బట్టతల, భుజాన నల్లబ్యాగు, బ్యాగులో నా ఫైలు. నన్ను చూసి నవ్వాడు.

"ఇంట్లో నేడన్నారు?" అన్నాడు.

"ఇప్పుడే వచ్చాను," అన్నాను. వెనక గుమ్మం లేని ఇల్లు మాది.

"అలగలగే వస్తుండాల బావా," అన్నాడు.

ఆ రోజు అతను భోజనం చేశాడు. వంకాయ వేపుడు, పప్పు, మజ్జిగ. వాయిదా మాట ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు ఫైలు తీసి నా కళ్ళ ముందే హిందీలో "ఇల్లు తాళం వేసి ఉంది" అని రాసుకున్నాడు. తాళం వేసిన ఇంట్లోంచి చెయ్యి కడుక్కుని బయటికి నడిచాడు.

తర్వాత ప్రతి గురువారమూ వచ్చాడు. అతనిది భిలాయిలో పుట్టి పెరిగిన కుటుంబం, తండ్రి స్టీలు ప్లాంటులో చేసేవాడట. తల్లి పోయి నాలుగేళ్ళు. భార్యది ఈ ప్రాంతమే, ఇంట్లో పిల్లలతో సహా అందరూ హిందీ. తెలుగు మాట్లాడేందుకు మనిషి లేడని మొదటి రోజునే చెప్పాడు. అమ్మ పరిస్థితీ దాదాపు అదే. మేమూ తెలుగే మాట్లాడతాం గానీ, మా తెలుగు సగం హిందీ, మిగతా సగం హడావిడి. అమ్మ పుట్టింటి మాటలు మాట్లాడే మనిషి రైల్వే కాలనీ వదిలాక ఆవిడకి దొరకలేదు. ఇద్దరూ కూర్చుని ఎవరూ ఎరగని మనుషుల గురించి, ఎప్పుడో అమ్మేసిన గేదెల గురించి రెండేసి గంటలు మాట్లాడుకునేవారు. అమ్మ బుధవారం సాయంత్రమే కూరలు తెచ్చేది. వాయిదా కట్టలేని ఇంట్లో గురువారం గురువారం చేపలు, లేదంటే కోడిగుడ్డు పులుసు. మా ఆవిడ ఒకసారి మెల్లగా, "ఈ భోజనాల ఖర్చుతో ఒక వాయిదాలో పదో వంతు కట్టొచ్చండీ," అంది. నేను లెక్క చూశాను. పదో వంతు కాదు, ఎనిమిదో వంతు.

బావ అయ్యాక నాకొచ్చిన అసలు కష్టం వేళాకోళం. ముందొచ్చిన మనుషులు బెదిరిస్తే నాకు కోపం వచ్చేది, కోపంలో కొంత పరువు ఉంటుంది. బావ వేళాకోళానికి కోప్పడకూడదు. నవ్వాలి. "ఏం బావా, ఊళ్ళోవాళ్ళ లారీలన్నీ తూస్తావు, మా బాకీ ఎప్పుడు తూస్తావు?" అనేవాడు అన్నం కలుపుతూ. నేను నవ్వేవాణ్ణి. "ఏనుగు మేత మేస్తోందా, పస్తులుంటోందా?" నవ్వేవాణ్ణి. "నువ్వు పైసలివ్వకపోతే మీయమ్మని ఎత్తుకుపోతాను బావా, రసీదు ఇస్తాన్లే." అమ్మ నాకంటే పెద్దగా నవ్వేది. మా ఆవిణ్ణి "చెల్లెమ్మా" అని పిలిచి, ఆవిడ తరఫున కూడా నన్ను రెండు మాటలనేవాడు. అది ఆవిడకి బాగా నచ్చింది. చివరికి గురువారాల్లో మా ఇంట్లో నా పక్షాన మాట్లాడేవాళ్ళు లేకుండా పోయారు.

కానీ బండి సంగతి తేలలేదు. అయిదారు గురువారాల్లో ఒక్క వాయిదా కట్టాను. ఈలోగా కంపెనీ వాళ్ళ ఇంకో జట్టు, కాయితాలు కాకుండా బళ్ళే ఎత్తుకుపోయే జట్టు, గుఢియారీలో తిరుగుతోందని విన్నాను. అందుకని ఏనుగుని ఇంటి ముందు నుంచి తీసి, భన్‌పురీ వైపు తెలిసినాయన రైసుమిల్లు వెనక, తవుడు గోనెల చాటున పెట్టించాను. మిల్లాయనకీ, డ్రైవరుకీ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అమ్మకి చెప్పాను, కన్నతల్లి కదా అని.

ఆ తర్వాతి గురువారం నేను స్నానం చేసి వచ్చేసరికి అమ్మ బావకి రెండోసారి పులుసు వేస్తూ, "ఎక్కడో కాదు నాయనా, ఆ భన్‌పురీ మిల్లు నేదూ, దాని యెనకే. తవుడు బస్తాల పక్కనెట్టాడు," అని చెబుతోంది.

అలాగే నిలబడిపోయాను. బళ్ళు ఎత్తుకుపోయే కంపెనీలో జీతం తీసుకుంటున్న మనిషికి బండి ఎక్కడ దాచామో మా అమ్మ అన్నం పెట్టి మరీ చెప్పింది. కారణం, అతను అడిగాడట, "బండి జాగర్తగా ఉందా అత్తా?" అని. మేనల్లుడు అడిగితే అబద్ధం ఎలా చెబుతుంది. ముక్కూమొహం తెలియని ముగ్గురికి అంత చక్కగా అబద్ధం ఆడిన మనిషికి ఇంటి మనిషనేసరికి నోరు రాలేదు.

బావ నన్ను చూశాడు. చేతిలో ముద్ద అలాగే ఉంది. "నాకు కుడిచెవి సరిగ్గా ఇనపడదు బావా," అన్నాడు. "అత్త ఆ పక్క నుంచే మాట్లాడతాది." ముద్ద తినేసి, మజ్జిగ పోయించుకున్నాడు.

అతను వెళ్ళాక అమ్మని నానా మాటలూ అన్నాను. ముసలితనంతో మతి పోయిందన్నాను. నాన్న డబ్బు గంగలో కలిపేస్తున్నావన్నాను. అమ్మ గిన్నెలు కడిగి, "ఆడు మనోడ్రా," అని మాత్రం అంది. ఆ మాటకి నాకు ఇంకా మండిపోయింది. కానీ ఒక వారం గడిచింది, రెండు గడిచాయి, మిల్లు దగ్గరికి ఎవరూ రాలేదు. తాళం వేసిన ఇల్లు తాళం వేసినట్టే ఉంది.

ఆ తర్వాత అతను మంగళవారం నాడు వచ్చాడు. నేను జ్వరమొచ్చి ఇంట్లోనే ఉన్నాను. వచ్చినవాడు బూట్లు విప్పలేదు. గుమ్మం బయటే నిలబడ్డాడు. అమ్మ సంబరంగా, "ఇయ్యాల రావడమేటి, ఉండు, బియ్యం కడుగుతాను," అంది.

"వద్దత్తా. ఇయ్యాల తినను," అన్నాడు.

"ఏం? ఒంట్లో బాగోనేదా?"

"డ్యూటీలో ఉన్నానత్తా."

అన్ని వారాలూ అతను డ్యూటీలోనే ఉన్నాడు. కానీ ఆ మాట మా గుమ్మంలో అదే మొదటిసారి విన్నాం. నా వైపు తిరిగి, వేళాకోళం ఏమీ లేకుండా చెప్పాడు. పైనుంచి మనిషొచ్చి ఫైళ్ళు చూశాడట. నా ఫైల్లో తొమ్మిదిసార్లు "తాళం" అని ఉందట. ఆ తొమ్మిదిసార్లూ ఇతని ఫోను మా ఇంట్లోనే గంటలు గంటలు ఉన్నట్టు వాళ్ళ కంప్యూటరు చెప్పిందట. సాయంత్రంలోగా మూడు వాయిదాలూ జరిమానాలూ కట్టాలి, లేదా బండి అప్పగించాలి.

"లేకపోతే?" అన్నాను.

బ్యాగు ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. అతనికి ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయి కాలేజీ ఫీజు గురించి గురువారాల్లో చాలాసార్లు చెప్పాడు.

నేను ఇంకో వారం అడగబోయాను. ఏమడగాలో, ఏ గొంతుతో అడగాలో నాకు బాగా అలవాటే. ఈలోగా అమ్మ లోపలికెళ్ళింది. బండి తాళంచెవి మేకుకి వేలాడుతుంది, అది తీసుకొచ్చింది. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"ఏం చేస్తున్నావో తెలుస్తోందా? అది నాన్న డబ్బు," అన్నాను.

"మీ నాన్న నాకిచ్చిన డబ్బురా అది. నీకివ్వనేదు," అంది అమ్మ. "ఆడి ఉద్యోగం తీసి ఆ బండి ఉంచుకుంటే, ఆయన నా మొకం సూత్తారా?"

నా చెయ్యి విడిపించుకుని తాళంచెవి అతని చేతిలో పెట్టింది. అతను అమ్మ వైపు చూడలేదు. నా చేత కాగితం మీద సంతకం పెట్టించుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అమ్మ కడగబోయిన బియ్యం మళ్ళీ డబ్బాలో పోసేసింది.

అమ్మతో ఇరవై రోజులు మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే అంత కోపం నాకు జన్మలో ఎవరి మీదా రాలేదు. రెండు నెలల క్రితం వరకూ పేరు కూడా తెలియని ఒక మనిషి కోసం, నాన్న పాతికేళ్ళు గూడ్సు బండి చివరి పెట్టెలో ఎండకీ చలికీ కూర్చుని సంపాదించింది చేతులారా ఇచ్చేసింది. కానీ కోపం వెనక ఇంకోటి ఉండేది, అది ఆ రోజుల్లో ఒప్పుకోలేదు. ఆ తాళంచెవి నేను ఇవ్వాల్సింది. నా అప్పు, నా ఏనుగు. నేను ఇంకో వారం అడుగుదామనుకున్నాను.

కంపెనీ వాళ్ళు బండిని వేలం వేశారు. ఎవరో తవుడు రేటుకి కొనుక్కున్నారు. వచ్చినదాంతో బాకీ తీరలేదు. మిగిలినదాన్ని కొంత తగ్గించి, రెండేళ్ళ పాటు నెలనెలా కట్టమని రాజీ చేశారు. అంటే అప్పటిదాకా ఉన్న బండికి వాయిదాలు ఎగ్గొట్టినవాణ్ణి, ఆ తర్వాత లేని బండికి వాయిదాలు కట్టడం మొదలుపెట్టాను. విచిత్రమేమిటంటే ఒక్కటి కూడా తప్పలేదు. ఉక్కు ధర కాస్త కోలుకుంది, జీతం దారిన పడింది, మా ఆవిడ సాయంత్రం ట్యూషన్లు మొదలుపెట్టింది. పాలు మాత్రం ముప్పావు లీటరు దగ్గరే ఉండిపోయాయి. అలవాటైపోయింది.

పాత బ్యాంకు ఏర్పాటు రద్దయింది కాబట్టి డబ్బు చేతికే ఇచ్చి రసీదు తీసుకోవాలి. వసూలుకి అతనే వచ్చేవాడు, ప్రతి నెలా మొదటి ఆదివారం. ఉద్యోగం నిలబడింది. కానీ గుమ్మం దాటి రాలేదు. నేను లోపలికి రమ్మన్నాను, మొదట మాటవరసకి, తర్వాత నిజంగానే. "ఇంకా నాలుగిళ్ళు తిరగాల బావా," అనేవాడు. నన్ను వేళాకోళం చెయ్యడం కూడా మానేశాడు. నోట్లు లెక్కపెట్టుకుని, రసీదు చించి ఇచ్చి, తలొంచుకుని వెళ్ళిపోయేవాడు. ఆ వేళాకోళం కోసం నేను ఎదురుచూస్తానని కలలో కూడా అనుకోలేదు.

అమ్మ ఆ ఆదివారాల్లో కిటికీ దగ్గర కూర్చునేది. నెలకి ఒక్కసారి వాళ్ళిద్దరి మధ్యా రెండు మాటలు నడిచేవి.

"తిన్నావా నాయనా?"

"తిన్నానత్తా."

అంతే. ఉదయం తొమ్మిదికి వచ్చినా తిన్నానత్తా, మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చినా తిన్నానత్తా. రెండేళ్ళలో ఒక్కసారి అతను నిలబడి, "మోకాలెలగుందత్తా?" అని అడిగాడు. ఆ నెలంతా అమ్మ మోకాలు గురించి ఎవరడిగినా, "మావోడు కూడా అడిగాడు," అని చెప్పింది.

చివరి వాయిదా కట్టిన రోజున అతను రసీదుతోపాటు బాకీ లేదన్న ఉత్తరం కూడా తెచ్చి ఇచ్చాడు. చేతులు కలిపాం. "ఇంక డ్యూటీ లేదు కదా బావా, ఒకరోజు భోజనానికి రా," అన్నాను. "వస్తాను బావా," అన్నాడు. ఆ 'వస్తాను' ఎటువంటిదో నాకు వెంటనే తెలిసిపోయింది. ఏడాది పాటు అతని కంపెనీకి నేను చెప్పిన 'కట్టేస్తాను'లన్నీ ఆ రకమే.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ సేమ్యా పాయసం చేసింది. నేను ఉత్తరం పట్టుకుని ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. బండి లేదు, నాన్న డబ్బు లేదు, కానీ బాకీ కూడా లేదు. మూడేళ్ళ తర్వాత మళ్ళీ కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాను. ఉత్తరం అమ్మ ఒళ్ళో పెట్టి, "అయిపోయిందమ్మా. ఇంక ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు," అన్నాను.

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"మరయితే ఆడు వచ్చే నెల రాడా?"

"ఎందుకొస్తాడమ్మా? కట్టడానికి ఏం మిగల్లేదుగా."

అమ్మ కాసేపు కిటికీలోంచి సందులోకి చూసింది. ఉత్తరం జాగ్రత్తగా మడత పెట్టి నాకు తిరిగిచ్చింది.

"సిన్నదేదైనా ఇంకో లోను తీసుకోరాదేటి బాబూ," అంది.

నేను పెద్దగా నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు. అమ్మ జవాబు కోసం నా మొహంలోకే చూస్తోంది.